పాత పికప్‌ను ముందువైపు కిందికి దించాలా? కాయిల్ స్ప్రింగులు ఇలా ఎంచుకోండి

పోయిన వేసవిలో ఒకరోజు పొద్దున ఆరింటికి మా అక్క కొడుకు టెక్సాస్ నుంచి వీడియో కాల్ చేశాడు. అక్కడ రాత్రి ఏడున్నర. వాడు 1970 మోడల్ షెవర్లే సి10 పికప్ ఒకటి కొని, ఇంటి గ్యారేజీలో విప్పుకుని కూర్చున్నాడు. "మామా, మూడించులు దించే స్ప్రింగులని చెప్పి అమ్మినారు. బండి ఇంచు కూడా దిగలా. ఒక్కొక్క చుట్టు కోసేస్తా" అన్నాడు. ఫోను బండి వైపు తిప్పమన్నాను. ముందు బానెట్ లేదు, మడ్‌గార్డులు లేవు, రేడియేటర్ లేదు, బంపర్ లేదు. ఇంజన్ కూడా ఒక మూలన స్టాండు మీద వేలాడుతోంది. "గ్రైండర్ పక్కన పెట్టు నాయనా" అన్నాను.

నాది కడపలో అండర్‌బాడీ పని. ముప్పై ఏళ్ళలో ఎక్కువగా చూసింది లారీల కమాన్ కట్టలే, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగులే. అయితే స్ప్రింగు చుట్టలా ఉన్నా పట్టీలా ఉన్నా ఒకటే: దాన్ని కొనేది బరువు కోసం, ఫొటోలో కనిపించే ఎత్తు కోసం కాదు. యర్రగుంట్ల సిమెంటు లోడు కోసం అదనపు పట్టీ వేయించుకున్న లారీ, ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు ఎలా ఎగిరెగిరి పడుతుందో ఆ డ్రైవర్ నడుముకే తెలుసు. పికప్ ముందు స్ప్రింగు సంగతీ అంతే. అమెరికాలో ఇలాంటి పాత బళ్ళు కొనే మన పిల్లలు ఇప్పుడు ఎక్కువయ్యారు కాబట్టి, మా వాడికి చెప్పిందంతా వరుసగా రాస్తున్నాను.

ముందు మీ బండిలో ఏముందో చూడండి

"పాత పికప్" అంటే ఒక్క రకం కాదు. షెవర్లే సి10కి 1960 నుంచి 1962 వరకు ముందువైపు టార్షన్ బార్లు, అంటే మెలితిరుగుతూ బరువు మోసే ఉక్కు కడ్డీలు. కాయిల్ స్ప్రింగులు 1963 నుంచి వచ్చాయి. పేరులో సి బదులు కె ఉంటే అది ఫోర్ వీల్ డ్రైవ్. 1967 తర్వాతి కె10లకు ముందు మన జీపులాగా కమాన్ కట్టలే. ఫోర్డ్ ఎఫ్100కి 1965 నుంచి ముందు కాయిల్సే గానీ, వాటిని మోసేవి రెండు పొడుగాటి ఐ-బీములు. అక్కడ ఉత్త స్ప్రింగు మార్చి దించితే చక్రాల పైభాగం లోపలికి బాగా వాలిపోతుంది. దాని దారి వేరు. నేను కింద చెప్పేదంతా 1963 తర్వాతి సి10 లాంటి బండికి, అంటే చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే చేతులు (ఆర్మ్‌లు) పైన ఒకటి పొట్టిది, కింద ఒకటి పొడుగుది, మధ్యలో కాయిల్ ఉన్నదానికి.

ఇక్కడి కుర్రాళ్ళు కూడా అడుగుతుంటారు. మహీంద్రా పాత జీపులకు ముందు కమాన్ కట్టలు, అంబాసిడర్‌కు టార్షన్ బార్లు. వాటికి కాయిల్ లెక్క పనికిరాదు. ప్రీమియర్ పద్మినికి ముందు కాయిల్సే కాబట్టి అర్థం చేసుకోవడానికి అది బాగుంటుంది. కానీ మన దగ్గర బండి ఎత్తు మార్చే ముందు చట్టం కూడా చూసుకోవాలి. ఆర్‌సీలో ఉన్న వివరాలకు, కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. యాభై ఏళ్ళు దాటిన బండిని 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల కింద నమోదు చేయించాలనుకుంటే, దాని అసలు రూపం చెడగొట్టకుండా ఉంచడమే మేలు. ఆర్‌టీఓ ఆఫీసులో ముందే అడిగితే తర్వాత టెన్షన్ ఉండదు.

కొలతలు

బండిని చదునైన నేల మీద పెట్టండి. టైర్లలో గాలి సరిచూడండి. ట్యాంకులో సగం పెట్రోలు ఉంచండి. ముందు బంపర్ పట్టుకుని నాలుగైదు సార్లు కిందికి అదిమి వదలండి, తర్వాత బండిని ఒక గజం ముందుకీ వెనక్కీ తోయండి. జాకీ దించిన వెంటనే కొలిస్తే టైర్లు నేలను పట్టుకుని ఉండి బండి పూర్తిగా కూర్చోదు.

చక్రం మధ్య బిందువు నుంచి నిట్టనిలువుగా మడ్‌గార్డ్ అంచు వరకు కొలవండి. చాలామంది నేల నుంచి కొలుస్తారు. రేపు చక్రాలు మారిస్తే ఆ లెక్క మొత్తం పోతుంది. చక్రం మధ్య నుంచి కొలిస్తే టైరు ఏదైనా మీ అంకె మారదు. రెండు వైపులా కొలిచి రాసుకోండి. అమెరికా బండికి స్టీరింగ్ ఎడమవైపు కాబట్టి, యాభై ఏళ్ళు డ్రైవరు కూర్చున్న ఆ పక్క కొంచెం ఎక్కువ దిగి ఉండొచ్చు.

ఇక్కడ ఎక్కువ మంది మోసపోయే సంగతి ఒకటుంది. "2 ఇంచులు దించే స్ప్రింగు" అంటే ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి ఎత్తు మీద 2 ఇంచులు, ఈరోజు మీ బండి ఉన్న ఎత్తు మీద కాదు. పాత స్ప్రింగు అలసిపోయి ఇప్పటికే ఒక ఇంచు కుంగి ఉంటే, కొత్తది వేశాక మీకు కనిపించేది ఒక ఇంచే. "మోసం చేసినారు" అని అమ్మినవాడిని తిట్టుకుంటాం. ఇంకోరకంగా కూడా జరుగుతుంది. ఎవడో ముందే చుట్టు కోసి పెట్టి ఉంటాడు, మనకు తెలియదు. అందుకే పాత స్ప్రింగు కొన దగ్గర గ్రైండర్ గుర్తులు ఉన్నాయేమో వేలితో తడిమి చూడండి.

బుష్‌లు (ఆర్మ్‌ల కీళ్ళలోని రబ్బరు తొడుగులు), బాల్ జాయింట్లు (ఆర్మ్‌ను చక్రం వైపు కలిపే గుండ్రటి కీళ్ళు) కూడా ఇప్పుడే చూసుకోవాలి. అవి అరిగిపోయిన బండికి కొత్త స్ప్రింగు వేయడం దండగ.

బరువు

మా వాడి తప్పు ఇక్కడే. ఇంజన్ లేని బండికి స్ప్రింగు వేసి ఎత్తు చూశాడు. స్ప్రింగు తన మీద ఎంత బరువుంటే అంత నొక్కుకుంటుంది. మోయడానికి ఏమీ లేకపోతే నిక్కి కూర్చుంటుంది. ఆరోజు చుట్టు కోసేసి ఉంటే, ఇంజన్ ఎక్కించిన రోజు బండి బంప్ రబ్బర్ల మీద, అంటే ఆర్మ్ ఛాసిస్‌కు కొట్టుకోకుండా అడ్డుపడే రబ్బరు దిమ్మల మీద పడేది.

కాబట్టి ముందు మిమ్మల్ని మీరు అడగాల్సింది: చివరికి ఈ బండిలో ఏ ఇంజన్ ఉంటుంది? వరుసగా ఆరు సిలిండర్లుండే ఇన్‌లైన్ ఇంజనా, చిన్న సైజు వి8 (స్మాల్ బ్లాక్) ఇంజనా, పెద్ద సైజుదా (బిగ్ బ్లాక్)? ఇనప బిగ్ బ్లాక్ స్మాల్ బ్లాక్ కన్నా దాదాపు 50 కిలోలు ఎక్కువ. అల్యూమినియం బ్లాక్ ఉన్న కొత్త తరం వి8 వేస్తే బరువు అటు తగ్గుతుంది. ఏసీ ఉంటుందా? పవర్ స్టీరింగ్? బ్యాటరీ ముందే ఉంటుందా, వెనక్కి పోతుందా? స్ప్రింగు అమ్మేవాడు ఇవన్నీ అడగకుండా "సి10 అయితే ఇదే" అంటే, వాడి దగ్గర కొనే ముందు ఒకసారి ఆలోచించండి.

బండి నడిచే స్థితిలో ఉంటే కాటాకు తీసుకెళ్ళండి. మన ఊళ్ళో వేబ్రిడ్జి కాటా మీద ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి తూకం వేయించుకోవచ్చు. అక్కడ హైవే పక్క ట్రక్ స్టాపుల్లో ఒక్కో ఇరుసు బరువు విడిగా ఇచ్చే కాటాలు ఉంటాయి. ముందు ఇరుసు బరువును రెండుతో భాగిస్తే ఒక చక్రం మీద పడేది సుమారుగా వస్తుంది.

ఒక చిన్న లెక్క

లెక్క అనగానే పేజీ దాటేయకండి, కూడికలు భాగహారాలే. అక్కడి స్ప్రింగుల మీద పౌండ్లు, ఇంచులే రాస్తారు కాబట్టి నేనూ వాటిలోనే చెబుతాను. నాకు కిలోల్లో అయితేనే బుర్రకెక్కుతుంది. 100 పౌండ్లంటే 45 కిలోలు అనుకోండి.

ఒక ముందు చక్రం మీద 1000 పౌండ్లు ఉందనుకుందాం. అందులో చక్రం, బ్రేకు, హబ్ లాంటివి స్ప్రింగు మోసేవి కావు. వాటికి 100 తీసేస్తే 900. ఇప్పుడు కింది ఆర్మ్ చూడండి. అది ఛాసిస్‌కు తగులుకున్న చోటి నుంచి బాల్ జాయింట్ వరకు 16 ఇంచులు, స్ప్రింగు కూర్చునే చోటి మధ్యకు 8 ఇంచులు ఉన్నాయనుకుందాం. ఇవి ఉదాహరణ కోసం చెప్పిన అంకెలు, మీ బండికి మీరే టేపు పెట్టి కొలుచుకోవాలి. అంటే స్ప్రింగు సగం దూరంలో ఉంది. గడ్డపారతో బండరాయి లేపేటప్పుడు తెలిసే సంగతే ఇది. సగం దూరంలో ఉన్నది రెట్టింపు బరువు మోయాలి, కానీ కదిలేది సగమే. కాబట్టి స్ప్రింగు మీద 1800 పౌండ్లు. చక్రం 2 ఇంచులు కదిలితే స్ప్రింగు 1 ఇంచే కదులుతుంది.

స్ప్రింగుకు ఒక రేటు ఉంటుంది. 500 రేటు అంటే ఒక ఇంచు నొక్కడానికి 500 పౌండ్లు కావాలి. 1800ని 500తో భాగిస్తే 3.6. అంటే మీ పాత స్ప్రింగు 500 రేటుదైతే అది 3.6 ఇంచులు నొక్కుకుని కూర్చుంది. బండి నేల మీద ఉన్నప్పుడు దాని పొడుగు 11 ఇంచులైతే, విప్పి బయట పెట్టినప్పుడు 14.6 ఇంచులు ఉంటుంది.

ఇప్పుడు బండి 2 ఇంచులు దిగాలి. అంటే స్ప్రింగు కూర్చున్న పొడుగు 11 నుంచి 10కి రావాలి. దించిన బండికి కదిలే చోటు తగ్గుతుంది కాబట్టి కొంచెం గట్టిది, 600 రేటుది తీసుకుందాం. 1800ని 600తో భాగిస్తే 3. పదికి మూడు కలిపితే 13. బయట పెట్టినప్పుడు 13 ఇంచులుండే స్ప్రింగు కావాలన్నమాట.

దుకాణంలో రెండు స్ప్రింగులు పక్కపక్కన నిలబెట్టి "ఇది పొట్టిగా ఉంది, ఇదే ఎక్కువ దించుతుంది" అంటుంటారు. అదే 13 ఇంచుల స్ప్రింగు 900 రేటుదైతే? 2 ఇంచులే నొక్కుకుని 11 దగ్గర ఆగిపోతుంది. బండి పాత ఎత్తులోనే ఉంటుంది, పైగా రాయిలా గట్టిగా ఉంటుంది. పొడుగు, రేటు రెండూ తెలియకుండా స్ప్రింగు కొనకండి. రెండూ చెప్పలేని వాడి దగ్గర అసలే కొనకండి.

రేటు ఎంత పెంచాలి? ఆర్మ్ నిష్పత్తి సగం అయితే చక్రం దగ్గర తెలిసే గట్టిదనం స్ప్రింగు రేటులో నాలుగో వంతే. పైన 500 స్ప్రింగు చక్రం దగ్గర 125, 600 అయితే 150. ఇంట్లో వాళ్ళను ఎక్కించుకుని తిరిగే బండికి ఈ మాత్రం పెంపు చాలు. "ఎందుకైనా మంచిది" అని 900 వేయించుకున్నవాడు నెల తిరక్కముందే మళ్ళీ విప్పుతాడు. అలాగని మరీ మెత్తగా ఉన్నా ఇబ్బందే. గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు బ్రేకు వేస్తే ముక్కు నేలకు రాసే బండిని ఊహించుకోండి. మెత్తటి స్ప్రింగు, తక్కువ ఎత్తు రెండూ కలిస్తే జరిగేది అదే.

స్ప్రింగా, స్పిండిలా?

ఎంత దించాలో తేలాక ఇది తేల్చుకోవాలి. 1 నుంచి 2 ఇంచుల వరకు అయితే స్ప్రింగు మార్చడమే సులువు, చవక. అంతకు మించి దించాలంటే నా ఓటు డ్రాప్ స్పిండిల్‌కు. అందులో చక్రం బిగుసుకునే కడ్డీని పైకి జరిపి తయారుచేస్తారు. ఆర్మ్‌లు, స్ప్రింగు ఉన్నచోటే ఉంటాయి, బండి మాత్రం దిగుతుంది. సి10కి మామూలుగా దొరికేవి రెండున్నర ఇంచులవి. దానికి 1 ఇంచు స్ప్రింగు కలిపితే మూడున్నర. 3 ఇంచుల స్ప్రింగుతోనే మొత్తం దించితే సగం కదలిక అక్కడే పోతుంది, చిన్న గుంత వచ్చినా బంప్ రబ్బరు కొట్టుకుంటుంది.

ఒక చిక్కుంది. ఈ స్పిండిళ్ళు ఎక్కువగా డిస్క్ బ్రేకుల కోసం చేసినవే. సి10కి డిస్క్ బ్రేకులు 1971 నుంచి వచ్చాయి. 1970 వరకు ముందు డ్రమ్ములే, చక్రానికి ఆరు బోల్టులు. మా వాడిది ఆ ఆఖరి సంవత్సరం బండి. స్పిండిల్ కొంటే బ్రేకులు మార్చాలి, బ్రేకులు మారిస్తే చక్రాలు మార్చాలి. మూరెడు గుడ్డ కోసం వెళ్ళి బేలు మోసుకొచ్చినట్టు అవుతుంది. అయినా అంత బరువైన బండికి ముందు డిస్కులు ఉండటం మంచిదేనని నేనే ఎగదోశాను. మా కోడలు ఇంకా తిడుతూనే ఉంది.

కోయడం గురించి

పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళు ముగ్గురు ఒకప్పుడు పద్మిని ఒకటి తెచ్చి ముందు దించమన్నారు. నాకూ అప్పుడు వయసు తక్కువ, తెలివి ఇంకా తక్కువ. గ్యాస్ కట్టర్‌తో స్ప్రింగును ఎర్రగా కాల్చాను, బండి మెత్తగా దిగింది, అందరం చప్పట్లు కొట్టాం. మూడు నెలలకు కుడివైపు కుంగి బండి ఒంటికాలి కొంగలా వచ్చింది. కాల్చినచోట ఉక్కు పదును పోతుంది, మళ్ళీ రాదు. నా డబ్బుతో రెండు స్ప్రింగులూ కొత్తవి వేసిచ్చాను. స్ప్రింగుకు మంట తగిలించే మెకానిక్ దగ్గరి నుంచి బండి తీసుకుని వచ్చేయండి.

గ్రైండర్‌తో చల్లగా కోయడం వేరే సంగతి. దానివల్ల ఉక్కు చెడదు, కానీ రేటు పెరుగుతుంది. పనిచేసే చుట్లు 8 ఉన్న స్ప్రింగులో ఒకటి తీసేస్తే మిగిలిన ఏడే ఆ బరువు మోయాలి, గట్టిదనం సుమారు 14 శాతం పెరుగుతుంది. పైగా స్ప్రింగు దగ్గర అరంగుళం తగ్గితే చక్రం దగ్గర ఒక ఇంచు దిగుతుందని పైన చూశాం. అందుకే ఒక్కసారిగా ఒక చుట్టు కోసిన వాళ్ళంతా "ఇంత దిగిందేంది" అని తల పట్టుకుంటారు. కోసి తీరాల్సిందే అంటే పావు చుట్టుకు ఒకసారి బిగించి చూసుకోండి.

కొన కూడా చూడాలి. కొన్ని స్ప్రింగుల కొన మామూలు చుట్టులాగే వాలుగా ముగుస్తుంది, అది కోయొచ్చు. కొన్నింటి కొన చదునుగా అణిచి ఉంటుంది, కొన్ని చివర్లో సన్నగా ముడుచుకుంటాయి. అలాంటి కొన కోస్తే స్ప్రింగు తన గాడిలో కూర్చోదు. ఎటూ కోసేదానికి కొత్తది కొంటే సరిపోతుంది కదా అని నా అభిప్రాయం. ధర తేడా ఒక అలైన్‌మెంట్ ఖర్చు కన్నా పెద్దగా ఉండదు.

స్ప్రింగుతో పాటు కొనాల్సినవి పొట్టి షాక్ అబ్జార్బర్లు, పొట్టి బంప్ రబ్బర్లు. పాత పొడుగు షాకులు ఉంచేస్తే అవి లోపలికి పూర్తిగా దిగిపోయి అడుగు తగిలి పగులుతాయి. కొత్త ఎత్తులో షాకు కడ్డీ సగం దరిదాపుల్లో ఉండాలి.

బిగించేటప్పుడు

ఇక్కడ తొందర వద్దు. మన లెక్కలోని స్ప్రింగు, అంటే 1800 పౌండ్ల కింద 3.6 ఇంచులు నొక్కుకుని ఉన్నది, దాచుకున్న శక్తి ఎంతో చూడండి: 50 కిలోల సిమెంటు బస్తా 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడినంత. ఆ బస్తా కాళ్ళ మీద పడటం ఒకటి, ఇనుప చుట్ట మొహం మీదికి లేవడం ఒకటి.

బండిని ఛాసిస్ కింద స్టాండ్ల మీద నిలపండి. జాకీ మీద మాత్రమే ఉంచి కిందికి దూరకండి. కింది ఆర్మ్‌కు అడుగున జాకీ ఆనించాకే బాల్ జాయింట్ నట్టు వదులు చేయండి. నట్టు పూర్తిగా తీయకుండా రెండు మూడు మరలు ఉంచి, సుత్తితో తట్టి జాయింట్ వదిలించుకోండి. స్ప్రింగులోంచి ఛాసిస్‌కు ఒక గొలుసు చుట్టి కట్టండి. తర్వాత ఆర్మ్ జాకీ మీద ఆని ఉండగానే ఆ నట్టు తీసేసి, జాకీని మెల్లగా, చాలా మెల్లగా దించండి. లోపలి నుంచి పట్టే స్ప్రింగు కంప్రెసర్ ఉంటే ఇంకా మంచిది. మొహం ఎప్పుడూ స్ప్రింగుకు ఎదురుగా పెట్టకండి. ఒక్కరే ఉన్నప్పుడు ఈ పని మొదలుపెట్టకండి.

కొత్త స్ప్రింగు ఎక్కించేటప్పుడు కొన పాత కొన ఉన్న గాడిలోనే కూర్చోవాలి. రబ్బరు బుష్‌ల బోల్టులను బండి గాల్లో ఉండగా బిగించకండి. నాలుగు చక్రాలు నేల మీద ఆనాక, కొత్త ఎత్తులో బిగించండి. లేకపోతే రబ్బరు మెలిపడి ఉండి బండిని పైకి నెడుతూ ఉంటుంది, తొందరగా చిరుగుతుంది కూడా.

మొదటిరోజు ఎత్తు చూసి సంతోషపడకండి, ఏడవకండి. కొత్త స్ప్రింగు కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక కాస్త సర్దుకుంటుంది. అయితే అలైన్‌మెంట్ మాత్రం ఆగదు. పై ఆర్మ్ పొట్టిది కాబట్టి స్ప్రింగుతో దించినప్పుడు చక్రం పైభాగం లోపలికి వాలుతుంది, టో (ముందు నుంచి చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే తీరు) కూడా మారుతుంది. సి10లో పై ఆర్మ్ దగ్గర పెట్టే షిమ్‌లతో (పలచటి రేకు ముక్కలతో) క్యాంబర్ (చక్రం లోపలికీ బయటికీ వాలే తీరు), క్యాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు ముందుకీ వెనక్కీ వాలే తీరు) సరిచేస్తారు. బిగించిన వెంటనే ఒకసారి, సర్దుకున్నాక ఇంకోసారి చేయించండి. స్టీరింగును రెండు వైపులా చివరిదాకా తిప్పి టైరు ఎక్కడైనా రాసుకుంటోందా చూడండి. ముందు ఎంత దిగిందో బట్టి హెడ్‌లైట్లు కూడా సరిచేయాలి. వెనక ఎంత దించాలన్నది ముందు పని ముగిశాకే తేల్చండి. 1967-72 సి10ల్లో వెనక కూడా ఎక్కువగా కాయిల్సే కాబట్టి అదే లెక్క అక్కడా పనికొస్తుంది.

మా వాడు చివరికి రెండున్నర స్పిండిళ్ళు, 1 ఇంచు స్ప్రింగులు వేశాడు. ఇంజన్, ఏసీ, బంపర్ అన్నీ ఎక్కాకే కొలిచాడు. మొన్న మళ్ళీ పొద్దున్నే ఫోను. "మామా, అంతా సరిగ్గా వచ్చింది గానీ ఎడమపక్క పావు ఇంచు తక్కువుంది. మళ్ళీ విప్పల్లా?" ఫోను తిప్పమన్నాను. కడప నుంచి కొడుకు దగ్గరికి వెళ్ళిన మా బావ స్టీరింగ్ పట్టుకుని, ఫొటో కోసం నవ్వుతూ కూర్చుని ఉన్నాడు.

"ముందు మీ నాయనను దిగమను" అన్నాను.